సిస్టరమ్మ గారి కింది వాటా

మంగళవారం పొద్దున మా ఇంటి కింది వాటాలో ట్రావెల్స్ ఆఫీసు నడిపే మనిషి ముందు వరండా గ్రిల్‌కు తాళం వేశాడు. అతను చేసిన పనినే ముందుగా రాస్తున్నాను. ఎందుకంటే ఈ వీధిలో అందరూ దాన్ని చూశారు, చూసి తల తిప్పుకున్నారు. అతను ఆ తాళం వేసేటప్పటికి, ఆ ఇల్లు కట్టించిన మనిషి పై అంతస్తులో కన్నుమూసి గంట కూడా కాలేదు.

మీరంతా సిస్టరమ్మ అని పిలిచిన మా ఓనరు గారు ఆమె. గుండె ఆగిపోయింది. బంధువులు వచ్చేదాకా ఉంచడానికి ఫ్రీజర్ బాక్సు తెప్పించాం. అది మా మెట్ల మలుపులో తిరగలేదు. చివరికి ఆమె రోజూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలోనే ఆమెను కూర్చోబెట్టి, నా చున్నీ నడుముకు చుట్టి కట్టి, నలుగురం పదహారు మెట్లు దించాం. బాక్సును కింది ముందు వరండాలో పెడదామనుకున్నాం. కిందికి వచ్చేసరికి గ్రిల్‌కు తాళం. అవతల అతను, చేతిలో ఫోను.

"కోర్టు స్టేటస్ కో ఉందండి. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. రేపు ఏదన్నా అయితే నా మీదకొస్తది," అన్నాడు.

"సాయంత్రం దాకానే అండీ. మనిషి పోయింది," అంది మా అమ్మ.

"అర్థమైంది లెండి. కానీ ఆర్డరు ఆర్డరే కదా."

మార్పులు చేయవద్దన్న ఉత్తర్వు అది. శవం కూడా మార్పేనట. ఆమెను రోడ్డు మీద పెట్టాం. షామియానా రోడ్డు మీద వేశాం. బాక్సుకు కరెంటు ఎదురు టిఫిన్ సెంటరు వాళ్లు ఇచ్చారు. పాస్టరు గారు వచ్చి రోడ్డు మీదే ప్రార్థన చేశారు. ట్రావెల్స్ బోర్డు మీద ఎర్ర అక్షరాలు ఆపకుండా పరిగెత్తుతున్నాయి. వాటి నీడ బాక్సు అద్దం మీద, ఆమె ముఖం మీదుగా, సాయంత్రం దాకా పరిగెత్తింది. ఆ బోర్డునన్నా ఆపమని అడగడానికి ఒక్కరూ లేవలేదు. నేనూ లేవలేదు. లేస్తే అతని కాలరు పట్టుకుంటానని మా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఆమె ఎవరో ఈ వీధికి చెప్పనక్కర్లేదు గానీ, ఈ కాగితం వీధి దాటి కూడా వెళ్తుంది కనుక చెప్తాను. ఉయ్యూరులో చెరకు కొట్టే కూలి కూతురు. నర్సు చదివి ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఈ ఇల్లు కట్టించారు. కింద ఒక వాటా, పైన ముందు వైపు తాను, వెనక వైపు ఇంకో వాటా, డాబా మీద ఒక గది. పై వెనక వాటాలో అమ్మా నేనూ ఉంటాం. డాబా గదిలో ఆర్టీసీ కండక్టరు గారు. కింది వాటా ట్రావెల్స్ అతనికి. అప్పటికి ఆమె మోకాళ్లు బాగానే ఉన్నాయి, కింది వాటాకు అద్దె ఎక్కువ వస్తుంది, అందుకని పైన ఉన్నారు. ఆ లెక్క తప్పని తర్వాత తెలిసింది.

మేము ఈ ఇంటికి వచ్చిన రోజు నాకు గుర్తుంది. నాన్న పోయిన ఏడాది అది. అంతకు ముందు తిరిగిన ప్రతి ఇంటి గుమ్మంలో రెండు ప్రశ్నలు అడిగారు. "మగదిక్కు ఎవరండీ?" అనేది మొదటిది. "మీరేమిట్లు?" అని కులం అడగడం రెండోది. ఆ రెండోదానికి జవాబు విన్నాక ఇల్లు అప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామని గుర్తొచ్చేది వాళ్లకి. సిస్టరమ్మ గారు కూడా రెండే అడిగారు. "మోటారు గుర్తుగా కట్టేస్తారా? కాగితం మీద సంతకం పెడతారా?" అంతే. అమ్మ ఇంకా ఏదో అడుగుతారని నిలబడే ఉంది. "ఇంకేముందమ్మా, సామాను తెచ్చుకోండి," అన్నారు.

ఎందుకలా అని చాలా రోజుల తర్వాత అడిగాను. ఆమె మెట్ల మలుపులో ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. "నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున్నే ఇళ్లు వెతుక్కునేదాన్నమ్మా. యూనిఫారం చూసి రమ్మనేవాళ్లు, పేరు చెప్పగానే నీళ్లు చాలవనేవాళ్లు. అప్పుడే అనుకున్నా, ఎప్పటికైనా ఇల్లంటూ కడితే నాలుగు వాటాలు వెయ్యాలని. ఒకటి నాకు సరిపోతుంది కదా, మరి ముగ్గురికి లేదనకుండా ఉండొచ్చు కదా."

ఇలాంటి మనిషిని పట్టుకుని నేను వర్గశత్రువు అన్నాను.

నేను గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో డీటీపీ పని చేస్తాను. కరపత్రాలు, చిన్న పుస్తకాలు కంపోజ్ చేస్తాను. కాలేజీలో చదవని చదువంతా ఆ కరపత్రాల్లోనే చదివాను. కంపోజ్ చేసిన ప్రతి వాక్యం నాదే అనిపించేది. అద్దె అంటే దోపిడీ అని టైపు చేసిన సాయంత్రం ఇంటికొచ్చి, మెట్ల మలుపులో ఆమె ముందు నిలబడి అదే వాక్యం అప్పజెప్పాను. ఈ గోడలు కట్టింది మీరు కాదు, కూలీలు అన్నాను.

"అవునమ్మా, కూలీలే. వాళ్లకి టీ పెట్టింది మాత్రం నేనే. పంచదార చాల్లేదని తిట్టారు కూడా," అన్నారు ఆమె. "అదుగో, నీ కాలి కింద చిక్కుడు ఈనె ఉంది. తీసి ఈ చేటలో వెయ్యి, కామ్రేడమ్మా."

అప్పటినుంచి నేను ఆమెకు కామ్రేడమ్మనే. "కామ్రేడమ్మా, వాళ్లు మోటారు కట్టలేదు, విప్లవం కాస్త ఆపి కట్టిరా." "కామ్రేడమ్మా, నీ కరపత్రంలో ఇంటి పన్ను గురించి ఏమన్నా రాశారా?"

రాయలేదు. ఇంటి పన్ను గురించి నేను కంపోజ్ చేసిన ఏ కరపత్రంలోనూ లేదు. ట్రావెల్స్ అతను ఆ లైట్ల బోర్డు పెట్టిన నెలలోపే టేపు పట్టుకుని కార్పొరేషన్ వాళ్లొచ్చారు. కింద వ్యాపారం జరుగుతోంది కనుక ఇక ఇది నివాసం కాదన్నారు. పన్ను మారింది. కరెంటు మీటరు కూడా వ్యాపారం కిందికి మారింది. బోర్డు పెట్టింది అతను, నోటీసు వచ్చింది ఆమెకు. అతన్ని అడిగితే నవ్వాడు. "ఓనరు మీరు కదండీ, పన్ను ఓనరుదే కదా."

ఆమె టేపు పట్టుకున్న కుర్రాయన్ని మెట్ల మీద నిలబెట్టారు. "దుకాణం పెట్టింది ఆయన నాయనా. నేను ఆ దుకాణం నెత్తిన మంచం వేసుకుని పడుకుంటున్నా. మరి నా మంచాన్ని దేంట్లో వేస్తావు, ఇంట్లోనా దుకాణంలోనా?"

అతను తల గోక్కుని, ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టుకోమన్నాడు. అర్జీ పెట్టారు. వెళ్లిన ప్రతిసారీ ఇంకో కౌంటరు చూపించారు. నేను ఎన్నిసార్లో ఆ ఆఫీసు ముందు నినాదాలిచ్చాను, వేరే వాళ్ల కోసం. ఈమె కోసం ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఇంటి ఓనరు కోసం నినాదం ఎక్కడన్నా ఉంటుందా?

ఆ ట్రావెల్స్ మనిషి తల్లికి కాలికి పుండు పడితే సిస్టరమ్మ గారు నెల రోజులు రోజూ పదహారు మెట్లు దిగి కట్టు మార్చారు. కట్టు మార్చింది ఆ గ్రిల్ అవతలి వరండాలోనే. ఆ మనిషికి అది గుర్తులేదు. నాకు గుర్తుంది, ఈ వీధికి గుర్తుంది. గుర్తున్నవాళ్లం కూడా మంగళవారం నోరెత్తలేదు.

తర్వాత ఆమె మోకాళ్లు పోయాయి. మెట్లెక్కడం మానేశారు, దిగడం మానేశారు. పై వరండా పిట్టగోడ మీదినుంచి తాడుకు కట్టిన వెదురు బుట్ట దించేవారు. కూరలబండి అతను అందులో కూరలు వేసేవాడు, పాలవాడు పాల ప్యాకెట్టు వేసేవాడు. కింది వాటా అద్దె రసీదులు కూడా ఆ బుట్టలోనే దిగేవి. మలుపులో ఉన్న కుర్చీ దాకా మాత్రం గోడ పట్టుకుని రాగలిగేవారు. ఎనిమిది మెట్లు. మిగతా ఎనిమిది మెట్ల కింద ప్రపంచం ఉండిపోయింది.

"కింది వాటా నాకు కావాలి నాయనా. నడవలేకపోతున్నాను. చర్చికి వెళ్లి ఎన్నాళ్లయిందో," అని ఆమె అతన్ని అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు. అయ్యప్ప సీజను అయిపోనివ్వండి అన్నాడు. అయిపోయింది. ఎండాకాలం తిరుపతి ట్రిప్పులున్నాయి, అవి కానివ్వండి అన్నాడు. అవీ అయ్యాయి. ఆ తర్వాత అతను నోటితో జవాబు చెప్పలేదు. కోర్టునుంచి కాగితం వచ్చింది. ఈ ఇల్లు నాకు అమ్ముతానని ఈమె రాసిచ్చింది, బయానా తీసుకుంది, ఇప్పుడు మాట తప్పుతోంది అని దావా వేశాడు. రుజువుగా స్టాంపు కాగితం పెట్టాడు. కింద ఆమె సంతకం. అది దొంగ సంతకం కాదు. ఆమె పెట్టిందే.

ఇక్కడి నుంచి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మన ఊళ్లో అద్దె కాగితం పదకొండు నెలలకే రాసుకుంటారు. ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషను చేయించాలి, ఖర్చు, తిరుగుడు. కనుక పదకొండు నెలలకోసారి ఓనర్లందరికీ ఇదే పని. కొత్త స్టాంపు కాగితం, అదే పాత మేటరు, తేదీలు మాత్రం కొత్తవి. సిస్టరమ్మ గారు మూడు వాటాలకీ మూడు కాగితాలు ఒకేసారి తెప్పించేవారు. టైపు అయ్యాక మళ్లీ ఎవరు పైకి మోసుకొస్తారని, ఖాళీ కాగితం అడుగున ముందే సంతకం పెట్టేసి పంపేవారు. అద్దెకున్నవాళ్లు తమ సంతకం అక్కడే పెట్టేసుకుని ఒక జిరాక్సు బుట్టలో వేస్తే చాలు. ఈ ఊళ్లో ఇలా చేసే పెద్దవాళ్లు ఆమె ఒక్కరే కాదు. చదివే మీలో కూడా ఉన్నారని నాకు తెలుసు. ఆసుపత్రిలో ఖాళీ చార్టు మీద సంతకం పెట్టిన ఒక సిస్టరును అందరి ముందూ నిలబెట్టి తిట్టానని ఆమే ఒకసారి చెప్పారు. అదే మనిషి ఇంటి దగ్గర ఇలా చేశారు. "వార్డులో రోగుల్ని నమ్మకూడదమ్మా, మందులు దాచేస్తారు. ఇంట్లోవాళ్లని నమ్మకపోతే ఎలా?" అద్దెకున్నవాళ్లు ఆమె లెక్కలో ఇంట్లోవాళ్లు.

మూడేళ్ల క్రితం ఒకరోజు ఆ మూడు కాగితాలూ సంతకాలతో సహా నా చేతికిచ్చారు. "మీ ప్రెస్సు పక్కనే కదమ్మా టైపు చేసేవాళ్లుంటారు, చేయించుకురా."

నేను అప్పుడే ఒక చిన్న పుస్తకం కంపోజ్ చేసి ఉన్నాను. కౌలుదారు భూస్వామి కాగితాలు మోయడం గురించి అందులో ఒక పేజీ ఉంది. నా ఒళ్లు మండింది. నేనేమన్నా ఈవిడ గుమస్తానా అనుకుంటూ మెట్లు దిగాను. కింద ట్రావెల్స్ అతను బండి స్టార్ట్ చేస్తున్నాడు. "అన్నా, గవర్నర్‌పేటకేనా? ఓనరమ్మ గారి దస్తావేజులు. మీరే మోయండి," అని వెటకారంగా అతని చేతిలో పెట్టాను. అతను కూడా నవ్వాడు.

సాయంత్రానికి రెండు కాగితాలు టైపై వచ్చాయి. మాదొకటి, కండక్టరు గారిదొకటి. తన కాగితం టైపులో పాడైపోయిందని, చింపేశానని చెప్పి అతను ఇంకో కాగితం కొనుక్కొచ్చి పైకి పంపాడు. సిస్టరమ్మ గారు దాని మీద మళ్లీ సంతకం పెట్టారు.

దావా కాగితాలు వచ్చినప్పుడు నేను ఆమెను అడిగాను. ఇది ఆనాటి కాగితమేనా అని. ఆమె నా వైపు చూడలేదు. "ఏదో పాత కాగితంలేమ్మా. ఎప్పటిదో. నువ్వు అన్నం తిన్నావా?" అన్నారు. నేను నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది కనుక నమ్మాను. ఆపైన ఆ కుర్చీ ముందు నిలబడి కోర్టుల మీద, లాయర్ల మీద, ఈ మొత్తం వ్యవస్థ మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చానో. ఆమె అన్నీ విన్నారు. "గట్టిగా మాట్లాడితే దాహమేస్తుంది, లోపలికెళ్లి మంచినీళ్లు తాగు," అనేవారు.

మొన్న గురువారం ఆమె తమ్ముడు, ఉయ్యూరులో చెరకు వేసే పెద్దాయన, కోర్టు ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. "చదివి చెప్పు తల్లీ. నాకు అర్థం కాదు," అన్నాడు. అప్పుడు మొదటిసారి నేను ఆ అమ్మకపు కాగితం నకలు చూశాను.

రోజుకు ఎనిమిది గంటలు అక్షరాల్ని పేజీలో సర్దే పని నాది. లాయరుకు కనిపించనిది నాకు ఒక్క చూపులో కనిపించింది. పేజీ సగం దాకా అక్షరం పెద్దది, వరుసల మధ్య ఖాళీ ఉంది. కిందికి వచ్చేకొద్దీ అక్షరం చిన్నదైంది, వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చివరి వరుస ఆమె సంతకం నెత్తిని తాకుతోంది. రాసిన తర్వాత సంతకం పెడితే సంతకమే కిందికి జరుగుతుంది. సంతకం ముందే ఉంటేనే అక్షరాలు ఇలా ఇరుక్కోవాలి. కాగితం వెనక స్టాంపు వెండరు రాసిన నంబరు ఉంది. చివర నలభై రెండు. నేను లోపలికెళ్లి ఆ ఏటి మా అద్దె కాగితం తీశాను. చివర నలభై ఒకటి. డాబా ఎక్కి కండక్టరు గారిని అడిగాను. ఆయన పెట్టె తీసి తన కాగితం చూపించాడు. నలభై మూడు. మూడూ ఒకే రోజు, ఒకే పేరు మీద కొన్నవి.

ఫైలులో ఇంకో కాగితం ఉంది. కోర్టుకు ఆమె ఇచ్చుకున్న జవాబు. ఖాళీ కాగితం మీద నేనే సంతకం పెట్టాను, నేనే నా చేత్తో అతనికి ఇచ్చాను అని ఉంది. చేతితో ఇచ్చింది ఆమె కాదు.

"అక్క లాయరుతో అలాగే రాయమందమ్మా," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "ఎవరి చేత పంపారని ఆయన అడిగాడు. పెళ్లి కావాల్సిన పిల్లండీ, దాని పేరు కోర్టు కాగితాల మీద ఎందుకు, తప్పు నాది అనే రాయండి, అంది."

నాకు ఆమె మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. పెళ్లి కావాల్సిన పిల్లట. నన్ను అడగాల్సింది. తిట్టాల్సింది. చెంప మీద కొట్టినా పడేదాన్ని. జీవితంలో ఆమె ఆడిన ఒక్క అబద్ధం నా కోసం ఆడారు, ఆ అబద్ధమే ఆమె కేసును గుల్ల చేసింది. నన్ను సాక్షిగా పిలవడానికి దారి లేకుండా చేసి, ఎనిమిది మెట్ల మీద కూర్చుని నా ఉపన్యాసాలు విన్నారు. "ఇల్లు ఇచ్చేటప్పుడు కాగితం చూడాలమ్మా, నేనెప్పుడూ మనిషినే చూశాను," అని ఒకసారి అన్నారు. ట్రావెల్స్ అతని గురించి అనుకున్నాను. నా గురించి కూడానేమో.

ఇప్పుడు జరగాల్సింది ఒకటుంది, అది సోమవారమే జరగాలి. ఆ రోజు ఆమె బోనెక్కి సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా. ఆమె లేరు. ఆమె స్థానంలో తమ్ముడు వారసుడిగా నిలబడాలి, లేదా రాజీ పడాలి. ట్రావెల్స్ అతను రాజీ కాగితం అప్పుడే తయారు చేయించాడు. పెద్దాయన వయసు మీద ఉన్నవాడు. ఉయ్యూరు నుంచి వాయిదా వాయిదాకూ బస్సెక్కి రాలేనంటున్నాడు.

"నువ్వొక్కదానివీ వచ్చి చెబితే ఏం లాభం తల్లీ? వాడి కాగితం మీద ఇద్దరు సాక్షులున్నారు," అన్నాడు.

"ఇద్దరూ అతని డ్రైవర్లే బాబాయ్ గారూ."

"ఎవరైతేనేం, నిలబడ్డారు. మనకి ఎవరున్నారు? మనిషన్నవాడు కనిపిస్తే నేనూ నిలబడతా. లేదంటే ఆ రాజీ మీద సంతకం పెట్టి ఊరికి పోతా."

కండక్టరు గారిని అడిగాను. కాగితం చూపించాడు గానీ చేతికివ్వలేదు. "రిటైర్మెంటు దగ్గర పడిందమ్మా. ఈ కోర్టు గొడవలు డిపోలో తెలిస్తే బాగోదు," అన్నాడు. కండక్టరు గారూ, ఈ కాగితం మీ గుమ్మం కింద నేనే తోస్తాను. రోజంతా టిక్కెట్ల నంబర్లు వరుస తప్పకుండా చూసే మనిషి మీరు. నలభై ఒకటికీ నలభై మూడుకూ మధ్య ఏం ఉంటుందో మీకంటే బాగా చెప్పగలవాళ్లు ఎవరున్నారు? మీకు జ్వరమొచ్చినప్పుడు మోకాళ్లు పట్టుకుని డాబా ఎక్కి సూది వేసింది ఎవరు?

మిగిలిన మీకు కూడా ఇదే మాట. మాకంటే ముందు ఈ ఇంట్లో అద్దెకుండి వెళ్లినవాళ్లు ఈ చుట్టుపక్కలే పది కుటుంబాల వాళ్లున్నారు. మీ ఇళ్లల్లో బియ్యం డబ్బా కిందో, బీరువా అరలోనో ఆమె సంతకం ఉన్న పాత అద్దె కాగితం ఉంటుంది. తీసి చూడండి. సంతకం అట్టడుగున ఉంటుంది, మేటరు పేజీ సగంలోనే అయిపోయి ఉంటుంది, మధ్యలో అంతా ఖాళీ ఉంటుంది. ఆమె ముందు సంతకం పెట్టి తర్వాత రాయించేవారని ఆ ఖాళీయే చెబుతుంది. ఒక్క కాగితమైతే ఎవరూ వినరు. పది కాగితాలు ఒకేలా ఉంటే వినాలి. వినకపోయినా, పెద్దాయన చూస్తాడు.

నేను చెప్పబోయేది నేను చెబుతాను. ఆ మూడు కాగితాలూ ఖాళీగా ఉండగా అతని చేతిలో పెట్టింది నేనే. నా పేరు, నా ఇంటి పేరుతో సహా, రాసుకోమంటాను. పెళ్లి సంగతి తర్వాత.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు మా మెట్ల దగ్గరికి రండి. తొమ్మిదిన్నరకు అక్కడి నుంచి కోర్టుకు నడుద్దాం. గ్రిల్ తాళం వేసే ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఆ ఎర్ర అక్షరాలు పరిగెత్తుతూనే ఉంటాయి, పరిగెత్తనివ్వండి. పెద్దాయన మలుపులో, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. నేను పైన పిట్టగోడ దగ్గర ఉంటాను. ఆ బుట్టను ఇంకా ఎవరూ విప్పలేదు. మంగళవారం కూరలబండి అతను సంగతి తెలియక అందులో వేసిన కరివేపాకు రెబ్బ అందులోనే ఎండిపోయింది. సరిగ్గా తొమ్మిదింటికి తాడు వదులుతాను. బుట్ట కిందికి వస్తుంది. మీ కాగితాలు అందులో వేయండి.